హొరేస్ టాప్లిస్ కారూ, అర అంగుళం గొడవా

సోమవారం పొద్దున్న హొరేస్ టాప్లిస్ సిగరెట్ పెట్టె వెనక రాసుకున్న పథకం చాలా సులువైనది. సోమవారం కారు బాడీని చాసీ అనే ఇనప చట్రం మీద పెట్టాలి. మంగళవారం కొలతలు సరిచూసి బోల్టులు బిగించాలి. తర్వాత మూడు రోజులూ దీపాలకీ హారనుకీ తీగలు కలపాలి. శనివారం రోడ్డు పరీక్ష. ఆదివారం భార్య మ్యూరియల్‌ని పక్కన కూర్చోబెట్టుకుని మేబుల్‌థార్ప్ సముద్రపొడ్డుకు షికారు. ఇందులో బెడిసికొట్టడానికి ఏమీ లేదు. కాకపోతే ఇలాంటి పథకాలు రాసిన పెట్టెలు అతని సొరుగులో ఇంకో నలభై ఉన్నాయి.

ఆ కారు పదకొండేళ్ళ క్రితం ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఇనప చట్రం ఒకసారి, స్టీరింగు, సీట్లు ఇంకోసారి, పైకప్పు లేని ఆకుపచ్చ రంగు ఫైబర్ బాడీ మరోసారి లారీ మీద. ఇంజను కోసం హొరేస్ ఓ పాత కారుని కొని దాని గుండె తీశాడు. ఇరవయ్యో పెళ్ళిరోజుకి ఆ కారులో సముద్రానికి తీసుకెళ్తానని మ్యూరియల్‌కి మాటిచ్చాడు. పాతికో పెళ్ళిరోజు నాటికి ఇంజను మాత్రం కూర్చుంది. ఈ ఆదివారం వచ్చేది ముప్పయ్యోది.

మ్యూరియల్ ఆ పొద్దున్న రొట్టెకి వెన్న రాస్తూ, "ఏమయ్యా హొరేస్, ఆదివారం నేను సముద్రానికి వెళ్తున్నాను" అంది. "కారుంటే కారులో. లేకపోతే ఎనిమిదింటి బస్సులో. నువ్వు రాకపోయినా సరే."

"పెళ్ళిరోజున బస్సులో ఒక్కదానివీ వెళ్తావా?"

"బస్సులో ఒక్కదాన్నేమిటి? నలభై మంది ఉంటారు. నడిపేది మా తమ్ముడేగా."

ఆమె గొంతులో కోపం లేదు. వెన్న కూడా అంచుల దాకా ఓపిగ్గా రాసింది. హొరేస్‌కి భయం వేసింది అందుకే. ముప్పై ఏళ్ళలో మ్యూరియల్ అరిచినప్పుడల్లా అతనికి కాస్త గడువు దొరికేది. ఇలా నెమ్మదిగా మాట్లాడినప్పుడు మాత్రం ఎప్పుడూ దొరకలేదు.

తొమ్మిదింటికల్లా గ్యారేజీలో సాయానికి జనం చేరారు. పక్కింటి సిరిల్ పెగ్ నలభై ఏళ్ళు బొగ్గుగనిలో వడ్రంగి. మ్యూరియల్ తమ్ముడు డెరిక్ బస్సు డ్రైవరు. ఎదురింటి హాల్‌ఫర్డ్ మామ్మకి డెబ్భై ఆరేళ్ళు. ఆమె ఏమీ ఎత్తలేదు గానీ, ఎలా ఎత్తాలో అందరికీ చెప్పింది. మగవాళ్ళు ముగ్గురూ బాడీని ఎత్తి చాసీ మీద పరిచిన రబ్బరు పట్టీల మీద దించారు. ఫైబర్ బాడీ చూడటానికి భారీగా ఉంటుంది కానీ బరువుండదు. బోల్టులు పడేదాకా దాన్ని మోకాలితో నెట్టినా అర అంగుళం జరుగుతుంది.

జరగకూడదు కదా అని హొరేస్ టేపు తీశాడు. గని నడిచినన్నాళ్ళూ అతను మనుషుల్ని కిందికి దించే యంత్రం మీద పనిచేశాడు. పన్నెండు వందల అడుగుల లోతున వాళ్ళు నిలబడే ఇనప పంజరాన్ని అంగుళం తేడా లేకుండా ఆపడం, ఆపిన సమయాన్ని నోటుపుస్తకంలో రాయడం, ఇదీ అతని జీవితం. గని మూతపడి రెండేళ్ళయింది, అలవాటు మాత్రం మూతపడలేదు. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య సందు కొలిచి, బాడీని తట్టి తట్టి, రెండు వైపులా సరిగ్గా రెండున్నర అంగుళాలు తెచ్చాడు. నోటుపుస్తకంలో రాశాడు: "సోమవారం, పది యాభై అయిదు. ఎడమ రెండున్నర, కుడి రెండున్నర."

పదకొండింటికి మ్యూరియల్ వంటింట్లోంచి టీకి పిలిచింది. టీ గ్యారేజీలో తాగడానికి లేదు. అయిదేళ్ళ క్రితం ఒక కప్పు టీ ఇంజనులోకి పోయింది, అప్పట్నుంచి నిషేధం. బూట్లు విప్పి అందరూ లోపలికి వెళ్ళారు. "చేతులు తుడుచుకుని వస్తా, నువ్వు పద" అని సిరిల్ ఆగాడు.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. ఎదుటివాడి పని వంకరగా ఉందని మేము మొహం మీద అనం. పదకొండేళ్ళు కష్టపడ్డ మనిషితో "నీ కారు వంకర" అనేంత మొరటువాళ్ళు ఈ ఊళ్ళో పుట్టలేదు. వంకరుంటే, అతను చూడనప్పుడు మనమే సరిచేసి, ఏమీ ఎరగనట్టు వచ్చేస్తాం. మా దృష్టిలో మర్యాద అంటే అదే.

సిరిల్ కొలతల మనిషి కాదు, కంటి మనిషి. ముందుకెళ్ళి ఒక కన్ను మూసి చూశాడు. కారు ముక్కు రేడియేటరుకి ఓ పక్కగా ఉన్నట్టు తోచింది. పాపం హొరేస్, అనుకుని నడుముతో ఒక్క నెట్టు నెట్టాడు. తర్వాత వెళ్ళి టీ తాగుతూ, "బ్రహ్మాండంగా కుదిరిందిరా" అన్నాడు.

టీ అయ్యాక హొరేస్ మళ్ళీ కొలిచాడు. ఎడమ రెండు, కుడి మూడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కొలిచాడు. అదే. తనదే పొరపాటనుకుని బాడీని సరిచేసి, సమయం రాసుకున్నాడు.

పదకొండింటి టీ తాగి డ్యూటీకి వెళ్ళిన డెరిక్ నాలుగింటి టీకి తిరిగొచ్చాడు. గ్యారేజీలో ఎవరూ లేరు. డ్రైవరు కదా, ముందు స్టీరింగు దగ్గర కూర్చుని చూశాడు. బానెట్ మీది గీత ఎదురుగా ఉన్న గోడ మధ్యకి కాకుండా పక్కకి, సిరిల్ ఇంటి వైపు పోతోంది. ఇలా నడిపితే అక్క సముద్రానికి కాదు, ఆసుపత్రికి పోతుందనుకుని దిగి, భుజంతో నెట్టి సరిచేశాడు. వంటింట్లోకి వచ్చి, "ఏం బావా, కొలతలన్నీ కుదిరాయా?" అని అడిగాడు, చాలా అమాయకంగా.

మంగళవారం పదకొండింటికి హాల్‌ఫర్డ్ మామ్మ యాపిల్ తీపిరొట్టె ఇవ్వడానికి గ్యారేజీ దారిలో వచ్చింది. ఆమె రోజూ కిటికీలోంచి ఆ కారు వెనక భాగాన్నే చూస్తుంది. వెనక భాగం తన ఇంటి వైపు వాలినట్టు ఆమెకు నిన్నట్నుంచీ మనసులో ముల్లులా ఉంది. రొట్టె పళ్ళెం ఇంజను మీద పెట్టి, రెండు చేతులా బాడీని అటు తోసి, పళ్ళెం తీసుకుని లోపలికెళ్ళింది. మళ్ళీ నాలుగింటికి సిరిల్ తొంగిచూశాడు. తను నిన్న పెట్టిన చోట బాడీ లేదు. ఇంకో నెట్టు.

హొరేస్ తల ప్రాణం తోకకొచ్చింది. మొదట టేపు మీద అనుమానపడ్డాడు. కొత్త టేపు తెచ్చాడు. టైర్లలో గాలి తగ్గిందేమోనని కొట్టాడు. చాసీ మెలితిరిగిందేమోనని కిందకి దూరి గంటసేపు పడుకున్నాడు. చివరికి పైకప్పు దూలానికి దారం కట్టి, దారానికి ఇనప గుండు వేలాడదీశాడు. గుండు మొన కింద బాడీ మీద పెన్సిలుతో గుర్తు పెట్టాడు. టీకి వెళ్ళొచ్చేసరికి మొన ఒక చోట ఉంది, గుర్తు ఒక చోట ఉంది.

నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని డబ్బా మీద కూర్చుని ఆలోచించాడు. కారుకి ప్రాణం లేదు, తనంతట తాను జరగదు. దారం అబద్ధం చెప్పదు. జరిగేది ఇంకేముంది? కింద ఉన్న నేల.

ఇంకో ఊళ్ళో అయితే ఇలా అనుకున్నవాణ్ణి డాక్టరుకి చూపిస్తారు. మా ఊరి కింద మాత్రం నూరేళ్ళపాటు మూడు పొరల బొగ్గు తవ్వి తీశారు. ప్రార్థనామందిరం ఒకసారి వాలింది, పోస్టాఫీసు మెట్లు ఒకసారి కుంగాయి. బిగుసుకుపోయిన తలుపుని ఒక్కసారైనా చెక్కించుకోని ఇల్లు హొరేస్ వాళ్ళ ఫర్నేస్ వీధిలో లేదు. నేల కుంగుతోందంటే మేము ఎందుకని అడగం, ఎవరింటి కింద అని అడుగుతాం.

హొరేస్ సిరిల్‌ని పక్కకు పిలిచాడు. "ఒరే సిరిల్, ఇది నీలోనే ఉంచుకో. నేల కదులుతోందిరా."

"కారు జరిగిందా?" సిరిల్ మొహం తెల్లబోయింది.

"రోజుకి రెండుసార్లు."

సిరిల్ చుట్టూ చూసి ఇంకాస్త దగ్గరికి జరిగాడు. తను సరిగ్గా పెట్టిన బాడీ తిరిగి వంకరపోవడం అతను తన కళ్ళతో చూశాడు. హొరేస్‌కన్నా అతని దగ్గరే గట్టి సాక్ష్యం ఉంది, చెప్పడానికే వీల్లేదు. "నిజమేరా హొరేస్. నాకూ అనిపించింది. ఎందుకనిపించిందని అడగకు" అన్నాడు.

డెరిక్‌కి చెబితే డెరిక్ కూడా ఉలిక్కిపడ్డాడు. "బావా, నేనూ గమనించాను. నా లెక్క ప్రకారం కనీసం రెండుసార్లు జరిగింది." హాల్‌ఫర్డ్ మామ్మ ఏకంగా కుర్చీలో కూలబడి, "నా వైపుకే వస్తోంది బాబూ, నాకు ముందే తెలుసు" అంది. ముగ్గురూ ఎవరి గుట్టు వాళ్ళు దాచుకుని, ఒకరినొకరు మించి నమ్మారు.

నీలోనే ఉంచుకోమన్న మాట బుధవారం పొద్దుటికి వీధి ఆ చివర దాకా పోయింది. ఒకామె వంటింటి నేల మీద గోళీ పెట్టింది, గోళీ పొయ్యి కిందికి దొర్లిపోయింది. అది పెళ్ళయి వచ్చిననాటి నుంచీ దొర్లుతూనే ఉందని ఆమెకి ఆ క్షణంలో గుర్తు రాలేదు. పదిళ్ళలో గోళీలు దొర్లాయి. గోళీలు లేనివాళ్ళు ఉల్లిపాయలు దొర్లించారు. గోడల పగుళ్ళ మీద గాజుముక్కలు అతికించారు, పగులు పెరిగితే గాజు విరుగుతుందని. ఒక ముసలాయన గోడ గడియారాన్ని దించి మంచం కింద పెట్టుకున్నాడు. డెరిక్ వెళ్ళి డిపోలో చెబితే, వాళ్ళు ఫర్నేస్ వీధి మీదుగా బస్సులు ఆపేశారు. ఎవరో పాత గనుల వ్యవహారాలు చూసే కార్యాలయానికి ఫోను చేశారు.

మధ్యాహ్నానికి పిల్‌బీమ్ అనే అధికారి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఎవరినీ నొప్పించడం ఇష్టంలేని మనిషి. నేల మట్టం కొలిచే మూడుకాళ్ళ యంత్రం దింపి, వీధికి రెండు చివర్లా ఎర్రతెల్ల కర్రలు అడ్డం పెట్టించాడు. నాలుగింటికి గ్యారేజీలో ఆ గుండు సంగతి కూడా చూస్తానన్నాడు.

"సర్వే ముగిసేదాకా ఏ బండీ లోపలికి రాకూడదు, బయటికి పోకూడదండీ. ఏమీ అనుకోకండి" అన్నాడు.

"ఎన్నాళ్ళండీ?" అని అడిగాడు హొరేస్.

"రేపు మూడింటికి సంక్షేమ హాల్లో మాట్లాడుకుందాం. మామూలుగా అయితే మూడు వారాలు."

హొరేస్ వెళ్ళి ఈ ముక్క మ్యూరియల్‌తో చెప్పాడు. ఆమె ఎవరిదో లంగా అంచు కుడుతోంది. పళ్ళ మధ్య ఉన్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి గుడ్డకి గుచ్చింది.

"ఇన్నాళ్ళూ కారొక్కటే వెళ్ళేది కాదు" అంది. "ఇప్పుడు బస్సు కూడా రాకుండా చేశావు."

 ఆ సాయంత్రం గ్యారేజీలో డబ్బా మీద ఒక్కడే కూర్చున్నాడు. నాలుగున్నరకి కొలిచిందే, మళ్ళీ టేపు తీయలేదు. పదకొండేళ్ళలో మొదటిసారి ఆ కారుని చూస్తే అతనికి సిగ్గేసింది. ఇరవయ్యోది పోయింది, పాతికోది పోయింది, ముప్పయ్యోదీ పోతోంది. ఆమె ఇక అడగదు. తను ఇక మాటివ్వలేడు. ఆ సంగతి ఎవరూ కొలిచి చెప్పక్కర్లేదు.

గురువారం మూడింటికి సంక్షేమ హాలు నిండిపోయింది. మ్యూరియల్ రాలేదు. "నాకు పనుంది. మీరు నేల సంగతి చూసుకోండి" అంది.

పిల్‌బీమ్ లేచి గొంతు సవరించుకున్నాడు. "అందరికీ శుభవార్త. మందిరం గోడ మీదా, పోస్టాఫీసు మెట్టు మీదా పద్దెనిమిదేళ్ళ కిందట మా వాళ్ళు చెక్కిన గుర్తులున్నాయి. నిన్నా ఇవాళా కొలిచాను. ఫర్నేస్ వీధి వెంట్రుకవాసి కూడా కదల్లేదు."

సంతోషించాల్సింది పోయి హాలంతా మండిపడింది. రెండు రోజులు ఉల్లిపాయలు దొర్లించినవాళ్ళకి ఊరికే ఇంటికి పోవడం ఇష్టం లేకపోయింది.

"మరి హొరేస్ పుస్తకం సంగతేమిటి?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. "ఆయన ముప్పై ఏళ్ళు మా ప్రాణాలు తాడు మీద దింపాడు. ఆయన కొలత తప్పంటారా?"

"అబ్బే, నేనలా అనలేదండీ" అని పిల్‌బీమ్ కంగారుగా పుస్తకం అందుకున్నాడు. పేజీలు తిప్పుతూ పైకి చదివాడు. "సోమవారం పదకొండున్నర, అర అంగుళం కుడికి. సోమవారం నాలుగున్నర, అర అంగుళం ఎడమకి. మంగళవారం పదకొండున్నర, వెనకభాగం ముప్పాతిక అంగుళం. మంగళవారం నాలుగున్నర..." ఆగాడు. కళ్ళజోడు పైకి నెట్టి హొరేస్ వైపు చూశాడు. "మీరు టీ ఎప్పుడు తాగుతారండీ?"

"పదకొండుకీ, నాలుక్కీ."

పిల్‌బీమ్ పుస్తకాన్ని మెల్లగా మూశాడు. "ఇరవయ్యారేళ్ళుగా నాది ఇదే ఉద్యోగం. కుంగిన నేలలు చాలా చూశాను. యజమాని టీకి వెళ్ళేదాకా ఆగి, అప్పుడు కదిలే నేలను మాత్రం ఇదే చూడటం."

 హాల్‌ఫర్డ్ మామ్మ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని లేచింది. "మంగళవారం పదకొండింటిది నేను. సారీ హొరేస్ బాబూ. వెనకవైపు వంకరగా ఉంటే చూడలేకపోయాను."

హొరేస్ నోరు తెరిచాడు. అది మూసేలోపు సిరిల్ లేచాడు. "సోమవారం పదకొండు, మంగళవారం నాలుగు నావి. సారీరా."

"సోమవారం నాలుగు, బుధవారం పదకొండు నేను బావా" అన్నాడు డెరిక్, చూపు టోపీలో పెట్టి. "సారీ."

"మరి నేల కదులుతోందంటే నిజమేనని ఒట్టేశారుగా ముగ్గురూ!" అన్నాడు హొరేస్.

"నేను సరిచేసింది మళ్ళీ వంకరపోతోంటే ఏమనుకోమంటావు?" అన్నాడు సిరిల్.

"నువ్వు సరిచేశావా? సరిగ్గా ఉన్నదాన్ని పాడుచేశావు!" డెరిక్ అతని మీదికి లేచాడు. "సీట్లో కూర్చుని చూస్తే తెలిసేది."

"ఇద్దరూ ముందునుంచే చూశారు" అంది మామ్మ. "కారుకి వెనక కూడా ఉంటుంది నాయనా."

హొరేస్‌కి మూడు రోజుల కోపం ఒక్కసారి వచ్చింది. వాళ్ళు కారుని జరిపినందుకు కాదు. తన కొలత తప్పనుకున్నందుకు. "నా టేపు అబద్ధమాడదు. ఎడమ రెండున్నర, కుడి రెండున్నర. దీనికి మించిన తిన్నదనం దేవుడి దగ్గర కూడా లేదు!" అని అరిచి, ఠక్కున ఆగాడు. నోటుపుస్తకం లాక్కుని వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "ఆగండాగండి. ఇంకొకటి మిగిలింది. బుధవారం నాలుగింటిది ఎవరిది?"

ముగ్గురూ తల అడ్డంగా ఊపారు. అరవై మంది ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. బుధవారం నాలుగింటికి గ్యారేజీలో ఉన్నది ఎవరో అందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. చూపులన్నీ వేదిక మీదికి తిరిగాయి.

పిల్‌బీమ్ చెవులు ఎర్రబడ్డాయి. "గుండు కొలవడానికి వెళ్ళానండీ. గుమ్మంలోంచి చూస్తే అది మరీ... కొట్టొచ్చినట్టు... బొటనవేలితో కాస్త నెట్టాను. బొటనవేలితోనే. క్షమించాలి."

ఆ తర్వాత ఎవరు సరి అనేది గ్యారేజీలోనే తేలాలని అందరూ బయల్దేరారు. ముందు హొరేస్ టేపుతో, వెనక సిరిల్ ఒక కన్ను మూసుకుని, ఆ వెనక డెరిక్, మామ్మ, తన యంత్రం మోసుకుంటూ పిల్‌బీమ్, వాళ్ళ వెనక వీధి వీధంతా. దారి పొడుగునా వాదనే. సందు మలుపు తిరిగేసరికి గ్యారేజీలోంచి డ్రిల్లింగ్ మెషిను చప్పుడు వినిపించింది. హొరేస్ పరుగెత్తాడు.

మ్యూరియల్ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. తలకి రుమాలు, పళ్ళ మధ్య గుండుసూదులకి బదులు ఒక బోల్టు. దాన్ని తీసి రంధ్రంలో పెట్టి, పానాతో బిగించి, లేచి నడుం పట్టుకుంది. "పద్నాలుగు. అయిపోయింది" అంది.

"బిగించేశావా?" హొరేస్ గోడని పట్టుకున్నాడు.

"బిగించేశాను. ఇక ఎవరు నెట్టినా వాళ్ళ నడుమే విరుగుతుంది."

సిరిల్ ముందుకెళ్ళి కన్ను మూసి చూశాడు. "ఇంకేం! నేను పెట్టిన చోటే ఉంది" అన్నాడు. డెరిక్ స్టీరింగు వైపు వంగి చూసి, "నేను చెప్పింది ఇదే" అన్నాడు. మామ్మ వెనక్కి వెళ్ళి తృప్తిగా తలాడించింది. పిల్‌బీమ్ గుమ్మంలోంచి బొటనవేలు ఎత్తి చూసి, మెల్లగా దించి జేబులో పెట్టుకున్నాడు. హొరేస్ టేపు తీసి కొలిచాడు. ఎడమ రెండూ పావు. కుడి రెండూ ముప్పాతిక.

"మ్యూరియల్, అర అంగుళం తేడా."

"నీ ఎడమకాలు కుడికాలి కంటే అర అంగుళం పొట్టి. ముప్పై ఏళ్ళుగా నీ ప్యాంట్లన్నీ అలాగే కుడుతున్నాను. ఈ ఊళ్ళో ఎవడైనా కనిపెట్టాడా?"

ఎవరూ కనిపెట్టలేదు. ఇప్పుడు మాత్రం అందరూ చూశారు. హొరేస్ కాళ్ళు దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఇది ఎవడో షెడ్డులో చేత్తో పోసిన అచ్చులోంచి వచ్చింది. దాని కుడిభుజం, ఎడమభుజం ఒక్కలా లేవు. టేపుతో కొలిచేవాడికి ఒక చోట వంకర, కంటితో చూసేవాడికి ఇంకో చోట. మీ అందరి మాటా నిజమే" అంది మ్యూరియల్.

"మరి నువ్వు దేన్ని బట్టి పెట్టావు?"

మ్యూరియల్ రుమాలు విప్పి చేతులు తుడుచుకుంది. తర్వాత ఎడమవైపుకి నడిచి, అటు తలుపు తెరిచింది. డ్రైవరు పక్కన కూర్చునేవాళ్ళ తలుపు. లోపల కూర్చుని దాన్ని వేసుకుంది. అది 'టిక్' మని పడింది.

"మీరు పెట్టిన చోట ఏదీ ఈ తలుపు పడలేదు" అంది, లోపల్నుంచే. "నీ చోటా పడలేదు, సిరిల్ చోటా పడలేదు. ఇది పడే చోటు చూసుకుని బిగించాను. పదకొండేళ్ళలో ఈ తలుపు ఎవరైనా ఒక్కసారి తెరిచి చూశారా?"

గ్యారేజీలో అందరికీ బూట్లు చూసుకోవాల్సిన పని పడింది. ఎవరింటికి వాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. కర్రలు తీయించాలని పిల్‌బీమ్ అందరికంటే ముందు వెళ్ళాడు.

హొరేస్ అక్కడే నిలబడ్డాడు. ఆ కారులో బ్రేకు తొక్కి చూశాడు, గేరు మార్చి చూశాడు, వందసార్లు స్టీరింగు ముందు కూర్చుని నోటితో ఇంజను చప్పుడు చేశాడు. ఎవరికోసం కడుతున్నానని చెప్పుకున్నాడో ఆమె కూర్చునే చోట మాత్రం ఒక్కసారీ కూర్చోలేదు. ఆ సంగతి ఇప్పుడు తెలిసి అతనికి కళ్ళు చెమ్మగిల్లాయి.

"సారీ మ్యూరియల్" అన్నాడు. ఆ మధ్యాహ్నం ఊరంతా ఆ మాట అంది గానీ, ఇంత కష్టపడి ఎవరూ అనలేదు.

"సరేలే. దీపాలు బిగించు. శనివారం పరీక్ష. ఎక్కి కూర్చో ఒకసారి, ఎలా ఉందో చూద్దాం."

హొరేస్ కుడివైపుకి వెళ్ళి తన తలుపు పిడి పట్టుకుని లాగాడు. రాలేదు. కాలు తన్నిపట్టి లాగాడు. బాడీ అంతా ఆమె తలుపుకి తగ్గట్టు సర్దుకుని, అతని తలుపుని చట్రానికి అదిమి పట్టేసింది. సుత్తి కోసం చూశాడు, మళ్ళీ మ్యూరియల్ మొహం చూశాడు. సుత్తి అక్కడే వదిలేశాడు.

ఆదివారం ఎనిమిదింటికి వీధంతా గుమ్మాల్లో నిలబడి ఉండగా ఆకుపచ్చ కారు మేబుల్‌థార్ప్‌కి బయల్దేరింది. మ్యూరియల్ తలుపు తెరుచుకుని, దొరసానిలా కూర్చుని, 'టిక్' మనిపించుకుంది. హొరేస్ మాత్రం యాభై ఎనిమిదో ఏట ఒక కాలు అటు, ఒక కాలు ఇటు వేసి గోడ దూకినట్టు కారులోకి దిగాడు. రేసుకార్లలో అందరూ ఇలాగే ఎక్కుతారని ఇప్పటికీ చెబుతాడు, మేమూ మర్యాదస్తులం కనక నమ్ముతాం.